ఐసు మీద ధనలక్ష్మి

తిమోతి నన్నడక్కుండా నా కూతురిని ఐసు హాకీలో చేర్చాడు. అది తప్పు. కాదనేవాళ్ళతో నాకు మాటల్లేవు.

ధనలక్ష్మి జువ్వలదిన్నె రేవులో, చేపల వేలం షెడ్డు సిమెంటు నేల మీద చక్రాల బూట్లతో తిరగడం నేర్చుకుంది. అక్కడ పడితే మోకాలు పగులుతుంది, అంతే. ఆమె చదివే నెల్లూరు కాలేజీలో ఆటలు నేర్పే ఈ తిమోతి, ఆ బూట్లతోనే ఆమె చేతికి హాకీ కర్ర ఇచ్చి గోలు ముందు నిలబెట్టాడు. రెండో ఏడు జట్టుతో లద్దాఖ్ ప్రయాణం కట్టించాడు. నాకు ఆ సంగతి బయల్దేరే ముందురోజు తెలిసింది.

అక్కడ చెరువు గడ్డకడుతుందట. బూట్ల కింద కత్తుల్లాంటి ఇనుప పట్టీలు బిగించుకుని దాని మీద ఆడతారట.

"కింద నీళ్ళుంటాయా?" అని అడిగాను.

"ఉంటాయి నాయనా. లారీ పోయినా పగలదంట."

"అంట అన్నోడు లారీ తోలి చూసినాడా?"

నవ్వింది. తల్లి లేని పిల్లని కోప్పడలేదు. నేను సముద్రం మీద బతికినవాణ్ణి. నీళ్ళను నమ్మను, గడ్డకట్టినా నమ్మను.

ఆమె వెళ్ళిన వారానికి, ఒక మధ్యాహ్నం పడవలోంచి చేపలు దించుతున్నాం. తిమోతి ఫోను చేశాడు. గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ఒక్క ముక్క తెలిసింది.

"గంగులయ్యన్నా, అమ్మాయి ఐసు మీద ఉండాది."

తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

మా రేవులో ఐసు మీద ఉందంటే ప్రాణం పోయిందని. చేపకైనా మనిషికైనా అదే మాట. నా భార్య నాగులమ్మ పోయినప్పుడు, ఆమె తమ్ముడు వచ్చేదాకా వాకిట్లో ఐసు పెట్టెలో ఉంచాం. ఐసు మీద ఉండాది, పోయి చూసుకోండని వచ్చినవాళ్ళకు నేనే చెప్పాను.

చేతిలో తట్ట జారిపోయింది. పడవలో నా భాగస్తుడు ముత్యాలయ్య ఏమైందన్నాడు. తిమోతి అన్న మాటే అన్నాను. అతను తలగుడ్డ తీసేశాడు. అతనికీ వేరే అర్థం తట్టలేదు.

నన్ను పట్టుకుని ఇంటికి నడిపించాడు. ఆడవాళ్ళు వాకిట్లో చేరి ఏడుపు ఎత్తుకున్నారు. విమానంలో తెస్తారా అని ఎవరో అడిగారు. గడ్డ కింద మునిగితే దొరకరని ఇంకెవరో అన్నారు. అది విన్నాక నాకు ఏడుపు కూడా రాలేదు. కళ్ళు మూస్తే, గడ్డను కింది నుంచి కొడుతున్న ఆమె చేతులే. నీళ్ళలో పడ్డవాళ్ళను తాడేసి లాగినవాణ్ణి. ఆ నీళ్ళలోకి తాడు ఎక్కడ నుంచి వేయాలి?

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. ధనలక్ష్మి నంబరే. ముట్టుకోవడానికి భయమేసింది. ఆమె ఫోనులోంచి వేరెవడో మాట్లాడతాడనుకున్నాను. ముత్యాలయ్య ఎత్తి నా చెవికి ఆనించాడు.

"నాయనా, సారు చెప్పినాడా? నన్ను ఆటలోకి దించినారు. ఒక్క గోలు కూడా పోనియ్యలేదు."

ఏడుపు ఆపమని వాకిట్లోకి చెయ్యి ఊపాను.

"ఎవురు నాయనా, ఏడస్తా ఉండారు?"

"టీవీ."

"కట్టెయ్, విను. ఈ చలికాలం అంతా ఈడనే ఉండి నేర్చుకోమంటా ఉండారు. పెద్ద జట్టుకు తీసుకునేదానికి చూస్తారంట. ఉండేదా, వచ్చేసేదా? నువ్వెట్ట చెప్తే అట్ట."

వచ్చెయ్ అనే మాట నోటిదాకా వచ్చింది. అంటే ఎందుకో చెప్పాలి. వాకిట్లో తన చావుకే ఏడుస్తున్నారని చెప్పాలి. అది విన్న పిల్లకు ఇక ఆ గడ్డ మీద కాలు వణుకుతుంది. నీళ్ళు ముందు వణికేవాళ్ళనే లాగుతాయి.

"ఉండు," అన్నాను.

ఆడవాళ్ళను పంపేశాను. మరునాడు తిమోతి సిగ్నలు లేదన్నాడు, ఆటలోకి దిగిందని చెప్పబోయానన్నాడు. పెట్టేశాను. కొన్నాళ్ళకు ముత్యాలయ్య ఆనాటి సంగతి నవ్వులాటగా ఎత్తబోయాడు. మర్నాటి నుంచి వేరే పడవలో పోతున్నాను. ధనలక్ష్మికి తెలియదు. ఎవరైనా చెప్తే అబద్ధమంటాను. నేను మాత్రం ఈ సంగతి ఇక నోటితో ఎత్తను.