నల్లనీటిలో ఎఱ్ఱమొక్క

శ్రావణమేఘములు సముద్రముపైనుండి గుంపులుగా నరుదెంచి కాకినాడ పట్టణమును మధ్యాహ్నముననే సంధ్యాచ్ఛాయలో ముంచివైచి వీధుల నేకప్రవాహ మొనర్చి యెడతెగక వర్షించుచుండ జగన్నాథపురమందలి యొక పాతమేడలో గవాక్షముచెంత పరుండియున్న యిందుమతి తన శయ్యాపార్శ్వమున నమర్చిన గాజుతొట్టెలోని మత్స్యములను జూచి మందహాసము చేయుచుండెను.

బాల్యమున వచ్చిన జ్వరమువలన కాళ్లు చచ్చుబడిన యా సుకుమారికి ప్రపంచమంతయు నా తొట్టెయే. దక్షిణ అమెరికా మహారణ్యములలో రాలిన యాకులు నాని తేనీటివన్నె దాల్చు నదులు గలవని విని యామె బాదమాకులు నానవైచి యట్టి శ్యామలజలమునే సిద్ధపఱచి నీలలోహితరేఖాభాసురములైన చిఱుచేపలను పెంచుకొనుచుండెను. ఆమె యప్ప సౌదామిని తల్లిదండ్రులు గతించిన పిదప పెండ్లిమాట తలపెట్టక చెల్లెలికి స్నానభోజనాదులు జరపుచునే యౌవనమును గడపివైచినది. వచ్చిన బంధువులందఱు నిందుమతి యోర్పును గొనియాడిపోవుదురుగాని తమకు కాఫీ యందించిన యామెవంక జూచినవా రొక్కరును లేరు. ఆ కొఱత సౌదామిని హృదయమున గరళమై పేరుకొనియుండెను.

"అక్కా, ఈ నీళ్లలో బతికే మొక్కలేవైనా తెచ్చిపెట్టవూ? నువ్వు ఏది ఎంచితే అదే నాకిష్టం" అని చెల్లెలు వేడుకొనెను.

సౌదామిని రంగుచేపల దుకాణమునకు బోయి యడుగగా దుకాణదారుడు మస్తాన్ సాహేబు సావధానముగా దెలిపెను.

"నల్లనీళ్లలో వెలుతురు తక్కువ అమ్మగారూ. కత్తిలాగా ఉన్న ఈ వెడల్పాకు మొక్క తీసుకోండి, వేళ్ల దగ్గర కాస్త ఎరువు పెడితే చాలు. పైన తేలే ఈ గుండ్రాకుదీ బాగా బతుకుతుంది. ఆ ఎర్రది మాత్రం వద్దు. వెలుతురు చాలక కుళ్లిపోయి చేపల్ని కూడా చంపుతుంది."

సౌదామిని "ఆ ఎర్రదే ఇవ్వండి" అనెను.

అరుణపల్లవశోభితమైన యా మొక్కను గాంచి యిందుమతి పసిపాపవలె చప్పట్లు చఱచెను. దినములు గడచుకొలది యాకులు జిగటలై రాలెను. చేపలు నీటిపైకివచ్చి నోళ్లు తెఱచి యూపిరికై తపించి యొకటివెంట నొకటి వెల్లకిలబడెను. అప్ప మరల నట్టి మొక్కనే తెచ్చెను. మరల నదియే గతియయ్యెను. "నీ చేతిలో ఏదీ బతకదే పిచ్చిదానా" యని సౌదామిని తలనిమురుచు మృదువుగా ననుచుండ నా యభాగిని తన స్పర్శయే విషమని నమ్మి తుదకు గాజుపై వ్రేలుంచుటకైనను వెఱచెను. ఆ వెఱపు గన్నులార జూచి సౌదామిని కడుపునిండ భుజించెను.

మిగిలిన చేపలనైన బ్రతికింపనెంచి యిందుమతి వానిని తిరిగి యిచ్చివేయ గోరగా సాహేబే స్వయముగా వచ్చెను. తొట్టెను జూచి యాతడు నివ్వెఱపోయెను.

"ఇది చేపల్ని చంపుతుందని మొదటే చెప్పాను కదా అమ్మగారూ! వద్దంటే వినకుండా మళ్లీ మళ్లీ అదే పట్టుకెళ్లారేంటి?"

ఆతడు చేపలను గొని వెడలిపోయెను. ఇందుమతి తల త్రిప్పి యప్పమొగమును ఱెప్పవాల్పక చూచెను. సౌదామిని తలవంపలేదు.

"ఇన్నాళ్లకి నన్ను చూశావే" అనెను.

చీకటిపడువేళకు గొంతుక యెండి యిందుమతి "అక్కా, మంచినీళ్లు" అని యడిగెను. సౌదామిని గ్లాసు నింపితెచ్చి యెప్పటివలె చెల్లెలి తల యెత్తిపట్టెను. ఇందుమతి యా నీటివంక చాలసేపు చూచి యా యింట నీరిచ్చు చేయి వేఱొకటి లేదు గనుక కన్నులు మూసికొని త్రాగెను.