జతలో సగం

కొక్కెం కర్రతో పై అరలోంచి అట్టపెట్టెను లాగి, కింద పడకుండా పొట్టకి ఆనించి పట్టుకుంది జోళ్ళక్క. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు అది. గోడల నిండా పెట్టెలు, మధ్యలో పొట్టి స్టూలు, నేల మీద నిలబెట్టిన అద్దం. అందులో మనిషి మోకాళ్ళ దాకానే కనపడతాడు. మొగుడికి జబ్బు చేస్తే నాలుగు రోజులు కూర్చుందామని వచ్చిన మనిషి, ఆయన పోయి ఏళ్ళు గడిచినా ఆ కొట్టు వదల్లేదు. ఊళ్ళో అందరికీ జోళ్ళు తొడుగుతుంది గానీ, తన కాళ్ళకి మాత్రం అరిగిపోయిన రబ్బరు చెప్పులే.

లెక్కల మాస్టారు చంకకర్రలు టకటకలాడించుకుంటూ వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఆయనకున్నది కుడికాలొక్కటే. దాని బూటు ముందువైపు నోరు వెళ్ళబెట్టింది.

"ఇదేంటి మాస్టారూ, దీన్నిలాగే ఈడ్చుకొస్తున్నారా?"

"ఏం చెయ్యను? మన డ్రైవరుగారు కరుణించాలిగా. ఈసారి ఎంచుకునే వంతు ఆయనది."

సంగతేమిటంటే, డ్రైవరుకి ఉన్నది ఎడమకాలొక్కటే. ఇద్దరిదీ ఒకటే సైజు. ఒంటి బూటు ఎవరమ్ముతారు? రోడ్డు చివర కొత్తగా వెలసిన పెద్ద షాపులో జత కొని ఒకటి పారేసుకోమన్నారట మాస్టారిని. జోళ్ళక్క మాత్రం ఎప్పట్నుంచో ఒకే జతని ఇద్దరికీ పంచుతోంది, ఖరీదు చెరిసగం. ఒకాయన పొద్దున వస్తే ఇంకొకాయన సాయంత్రం వచ్చేవాడు. అందుకని ఒకరి మొహం ఒకరు ఎరగరు. అయినా తగవుకి లోటు లేదు. "నల్లబూటు తొడుక్కోడానికి నేనేమన్నా పెళ్ళికొడుకునా? గోధుమరంగుదే తియ్యి" అని ఆయన. "ఆ మట్టిరంగు నా మొహాన కొట్టకమ్మా" అని ఈయన. మధ్యలో రాయబారాలు మోయలేక, ఒకసారి ఆయన, ఒకసారి ఈయన ఎంచుకోవాలని జోళ్ళక్కే తీర్పు చెప్పింది.

"ఆయనకి ఒంట్లో బాగోలేదట, అందుకే రావట్లేదు. రెండు రంగులూ తెప్పించి ఉంచాను. పోనీ మీరు నల్లది తీసుకెళ్ళండి, ఆయనకి నేను చెప్పుకుంటాలే" అంది.

"నేనెప్పుడన్నా వంతు తప్పానా? రానీ, ఆగుతాను."

ఇక చేసేది లేక ఆ పాత బూటుకే బంక పూసి, ఆరిందాకా పైన ఇనప దిమ్మ పెట్టింది. మాస్టారు ఒంటికాలు చాపుకుని హాయిగా పేపరు చదువుకున్నాడు.

మధ్యాహ్నం ఒకమ్మాయి మోజుపడ్డ జోడు వేళ్ళు నొక్కేస్తోందని జోళ్ళక్క అమ్మనంది. పక్క టీకొట్టతను నవ్వాడు.

"ఇలా అయితే నీ కొట్టు నడిచినట్టే అక్కా."

"వేసుకున్నవాళ్ళు సుఖంగా నడిస్తే ఇదీ నడుస్తుందిలే" అంది. అన్నమాటే గానీ, కళ్ళు మాత్రం డ్రైవరు కోసం వీధి మీదే ఉన్నాయి. ఆయనొస్తే కొట్టంతా సందడి. కొత్త బూటు తొడుక్కుని అద్దానికి పక్కగా ఆనుకుని నిలబడేవాడు. అద్దంలో కుడికాలు మొలిచేది. "చూశావా అక్కా, నా జత ఎక్కడికీ పోలేదు" అని పిల్లాడిలా మురిసిపోయేవాడు.

పొద్దువాలాక డ్రైవరు భార్య వచ్చింది. ఒక్కతే.

"మొన్న తెల్లవారుజామున పోయారు వదినా. నిద్రలోనే."

జోళ్ళక్క ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుంది.

"ముందురోజు ఒకటే గొడవ, నీతో చెప్పమని. ఈసారి తన వంతు మాస్టారికి ఇచ్చేశారట. నల్లదే తీసుకోమన్నారు. పాపం, ఇన్నేళ్ళూ మట్టిరంగు ఎలా భరించాడో అని నవ్వుకున్నారు కూడా."

ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

ఆవిడ వెళ్ళిన కాసేపటికి, ట్యూషన్ ముగించుకుని మాస్టారు ఇంటికెళ్తూ కనిపించాడు. జోళ్ళక్క లోపలికి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పి, నల్లబూట్ల పెట్టె ముందు పెట్టింది. ఆయన ఆ పెట్టెను మెల్లిగా పక్కకి జరిపాడు.

"వంతు ఆయనది కదమ్మా. గోధుమరంగుదే తియ్యి."

"మట్టిరంగన్నారుగా?"

"మట్టిరంగే. అలవాటైపోయింది."

కింద కూర్చుని తనే లేసు కట్టింది. రెండోదానికీ డబ్బులిస్తానన్నాడు. అది ఆయనదిలెండి అని పుచ్చుకోలేదు. చంకకర్రల చప్పుడు మలుపు తిరిగిందాకా గుమ్మంలోనే నిలబడింది. ఆ కాలికి ఆ బూటు బాగా కుదిరింది, అంతవరకు ఆవిడ మనసుకి నిమ్మళంగానే ఉంది.

తలుపు సగం వేసి, పెట్టెలో మిగిలినదాన్ని మళ్ళీ అర మీదకి ఎక్కించబోయి ఆగింది. కొక్కెం కర్ర పక్కన పెట్టి, పెట్టె మూత తెరిచింది.

అద్దానికి పక్కగా ఆనుకుని, లోపల కూరిన కాగితం కూడా తీయని ఎడమకాలి గోధుమరంగు బూటు, తన జతతో నిలబడి ఉంది.