జెర్రిపోతు మీద పందెం

మా ఆయన డెల్బర్ట్‌కి కాలు ఒకచోట నిలిచేది కాదు. ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన మనిషి. మొన్న ఫిబ్రవరిలో అమరిల్లో అనే ఊరు దాటాక, బండి నడుపుతుండగానే గుండెపోటు వచ్చింది. ఎలాగో రోడ్డు పక్కకి ఆపాడు కాబట్టి బతికాడు. డాక్టరు నెత్తురు పలచబడే మాత్రలు రాసిచ్చి, ఇక లారీ ఎక్కొద్దన్నాడు. తాళాలు నేను దాచేశాను. ఆనాటి నుంచి నాకు మనశ్శాంతి లేకుండా పోయింది. వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవాడు. బాగానే ఉన్న అలమర విప్పి మళ్ళీ బిగించేవాడు. ఎండలో నిలబెట్టిన లారీ టైర్లని రోజుకి మూడుసార్లు తన్ని చూసేవాడు. చూసీ చూసీ నాకు ఒళ్ళు మండిపోయేది.

టైలర్ అనే ఊళ్ళో పాముల సంత పెట్టారంటే నేనే లాక్కుపోయాను. పాముని పెంచాలంటే ఓపిక కావాలి, ఆ వంకతోనైనా కుదురుగా కూర్చుంటాడని నా ఆశ. బల్లల మీద వరసగా డబ్బాలు, డబ్బాకో పాము. ప్రూయిట్ అనే ముసలాయన ఒక నారింజరంగు పాముపిల్లని డెల్బర్ట్ చేతిలో పెట్టాడు. అది వేళ్ళ సందుల్లోంచి తీరిగ్గా జారుతోంది.

"ఇది తీసుకోండి. వారం వారం తప్పకుండా తింటోంది. కళ్ళు చూడండి, ఎంత తేటగా ఉన్నాయో. మెడలో వేసుకున్నా ఏమీ అనదు," అన్నాడు.

"మరి అదో?" అంటూ డెల్బర్ట్ చివరి డబ్బా చూపించాడు. అందులో టెక్సాస్ జెర్రిపోతు ఒకటి, మెడ వంచి, తోకతో డబ్బా అడుగుని టపటపా కొడుతోంది.

"దాని జోలికి పోకండి. రోజూ తిండి పెట్టే నన్నే కరుస్తుంది. ఆ జాతికే కోపం ఎక్కువ."

"అయితే అదే ఇవ్వండి."

"నీకు బుద్ధుందా?" అన్నాను.

"లోపల ఉన్నది పైకి చూపిస్తోంది వెర్నా. నాకు నచ్చింది."

తిరిగొచ్చే దారిలోనే పందెం వేశాడు. "రెండు నెలలు. పది నిమిషాలు కరవకుండా నా చేతిలో ఉందనుకో, తాళాలు ఇచ్చెయ్యాలి. కరిచిందా, లారీ అమ్మేస్తా. మళ్ళీ ఆ మాటెత్తితే ఒట్టు."

ప్రూయిట్ చెప్పింది తలుచుకుని సరేనన్నాను.

దానికి షెరిఫ్ అని పేరు పెట్టాడు. కొత్తగా తెచ్చిన పాము రెండుసార్లు తినేదాకా ముట్టుకోకూడదు. ఆ రెండు వారాలు డబ్బా ముందు కుర్చీ వేసుకుని, మోకాలు ఊపుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత రోజూ కొక్కెంతో దాన్ని మెల్లిగా తట్టి, పక్క నుంచి చెయ్యి పెట్టేవాడు. అలా తడితే, వచ్చింది తిండి కాదు, మనిషి అని దానికి తెలుస్తుందట. మొదట్లో రోజూ కరిచింది. ఆ మాత్రల వల్ల నెత్తురు ఒకంతట ఆగేది కాదు. కట్టు కడుతూ తిట్టేదాన్ని, కానీ లోపల్లోపల ధైర్యంగానే ఉండేది.

ఏడో వారానికి షెరిఫ్ ఆయన మణికట్టు చుట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు, నాలుగు, ఎనిమిది.

"చూశావా? రోడ్డు పిలుస్తోంది వెర్నా," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఏదో ఊరి పోలీసు ఫోన్ చేసి, మీ ఆయన బండి కాలవలో పడిందని చెబుతున్నట్టే ఉండేది.

నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. పందెం తేలే రోజు పొద్దున, ఫ్రిజ్‌లో బఠాణీల పక్కన షెరిఫ్ తిండికని గడ్డకట్టించి దాచిన ఎలకల్లో ఒకదాన్ని తీసి గోరువెచ్చని నీళ్ళలో కరిగించాను. ఆ తడి డెల్బర్ట్ నీలం చొక్కా చేతుల అంచులకి రాసి ఆరేశాను. పాముకి కళ్ళకంటే వాసనే గట్టి గుర్తు.

చర్చి నుంచి వచ్చి భోంచేశాక ఆ చొక్కా తొడుక్కున్నాడు. చేతి గుండీ పెట్టుకుంటూ ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు.

"ఇప్పుడే ఉతికావా?"

"ఉతికాను."

"నాకేమైనా చెప్పాలా?"

"చెప్పడానికేముంది? కానియ్."

మూత తీసి, కొక్కెంతో తట్టి, చెయ్యి పెట్టాడు. షెరిఫ్ ఎగిరి బొటనవేలి మొదలు పట్టుకుని మణికట్టుకి బిగుసుకుపోయింది. గుంజితే దాని పళ్ళు విరుగుతాయి. డెల్బర్ట్ గుంజలేదు. నెత్తురు మోచేతి దాకా కారి బల్ల మీద పడుతున్నా మెదలకుండా కూర్చున్నాడు. కాలు కూడా ఊపలేదు. ఫిబ్రవరి నుంచి నేను కోరుకున్నది సరిగ్గా ఈ దృశ్యమే, తీరా వచ్చాక చూడలేకపోయాను. పదకొండు నిమిషాలకి అదే వదిలింది. దాన్ని జాగ్రత్తగా లోపల పెట్టి మూత బిగించాడు.

"గెలిచావు," అన్నాడు.

తువ్వాలు తెచ్చి గట్టిగా అదిమిపట్టాను.

"ముప్ఫై ఏళ్ళు లారీలో పచ్చిమాంసం మోసినవాణ్ణి. గుండీ పెట్టుకునేటప్పుడే వాసన తెలిసింది," అన్నాడు.

"తెలిసీ చెయ్యెందుకు పెట్టావు మరి?"

"నువ్వు ఆపుతావేమోనని చూశాను."

సోమవారం తనే ఫోన్ చేసి లారీ అమ్మేశాడు. ఇప్పుడు వరండాలో నడవడు, టైర్లు తన్నడానికి అక్కడ లారీయే లేదు. షెరిఫ్ ఆయన చేతికి చుట్టుకుని గంటసేపు పడుకుంటుంది. డెల్బర్ట్ పొద్దున్నే లేచి తన చొక్కాలు తనే ఉతుక్కుంటున్నాడు.