అమ్మ వేసిన రఫ్ఫు

ఆవిడను ఆ వీధిలో అందరూ రఫ్ఫమ్మ అంటారు. డ్రైక్లీనింగ్ షాపులో ఒక మూల, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, సిగరెట్ నిప్పు పడ్డ కోట్లూ, మేకు తగిలి చిరిగిన ప్యాంట్లూ ఒళ్ళో వేసుకుంటుంది. ఆ గుడ్డ లోపలి అంచులోంచే పోగు లాగి, ఆ పోగుతోనే చిరుగును అల్లేస్తుంది, రఫ్ఫు అంటే అదే. అల్లింది ఎక్కడో చూపించమంటే ఒక్కోసారి ఆవిడే వెతుక్కోవాలి. పోనీ ఇంటికొచ్చాకైనా ఆ వేళ్ళు ఊరుకుంటాయా? దిండు గలీబు కాస్త పిగిలితే చాలు, కంచంలో అన్నం చల్లారిపోతున్నా సూది వెతుకుతుంది. "మా అమ్మకి జల్లెడ కనపడనివ్వకూడదు, చిల్లులన్నీ పూడ్చి కూర్చుంటుంది" అని కూతురు ఏడిపించేది.

తండ్రి పోయిన ఇంట్లో ఆ తల్లీ కూతుళ్ళే మిగిలారు. పిల్ల బట్టల షోరూములో పనికి కుదిరింది. ఇంటి విషయాలన్నీ ఇద్దరూ కలిసే మాట్లాడుకునేవారు, కలిసే నవ్వుకునేవారు.

ఆ రోజు తల్లికి సెలవు. మిట్టమధ్యాహ్నం, వేళ కాని వేళ, కూతురు గుమ్మంలో నిలబడింది. ఒంటికి షాపులోని కొత్త దుప్పటి ఒకటి చుట్టుకుని ఉంది, ధర చీటీ ఇంకా దానికే వేలాడుతోంది. దుప్పటి తీస్తే లోపల షాపు వాళ్ళిచ్చిన నీలం చొక్కా భుజం నుంచి నడుం దాకా చిరిగిపోయి ఉంది. ఓనరు తమ్ముడు, అందరూ చిన్నసారు అంటారే, వాడు, సరుకు దించాలని పై గోడౌనుకి పిలిచి గడియ పెట్టాడట. పెనుగులాడి ఎలాగో బయటపడ్డానని చెప్పింది. చెబుతున్నంతసేపూ కళ్ళలో చుక్క నీరు లేదు.

వాడి చేతులు పడిపోనూ, వాడి వంశం నాశనం కానూ అంటూ తల్లి గుండెలు బాదుకుంది.

"తిట్టుకుని ఏం లాభం అమ్మా. స్టేషన్‌కి వెళ్దాం. ఈ చొక్కా చూపిస్తే చాలు, నేను ఎక్కువ చెప్పక్కర్లేదు."

వెళ్దాం తల్లీ అంది రఫ్ఫమ్మ. నిజంగానే అంది. పక్కింటి పిన్ని ఆస్పత్రిలో నర్సు. ఆవిడ సాయంత్రం డ్యూటీ దిగి రాగానే ముగ్గురూ కలిసి వెళ్ళాలనుకున్నారు. కూతురు చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, తల్లి పాత నైటీ తొడుక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఇక ఆ తర్వాత ఈ మహాతల్లి చేసిన పని చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది. తిడదామంటే నోరు రాదు.

చిరుగు కళ్ళెదుట ఉంది. చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. మురికి గుడ్డ మీద సూది పెట్టరు, ఆ పనిలో మొదట నేర్పేది అదే. అందుకని ముందు సబ్బు పెట్టి ఉతికింది. ఫ్యాను కింద ఆరేసి, ఒళ్ళో వేసుకుని, పోగు లాగింది. స్టేషన్‌లో బెంచీ మీద కూతురు కూర్చుంటుంది, పోలీసులు అడుగుతారు. పైకి ఒక్కదానివే ఎందుకెళ్ళావంటారు. వీధి మొగలో నలుగురూ చెవులు కొరుక్కుంటారు. ఒక్కో ఆలోచనకీ ఒక్కో పోగు దూరిపోతోంది. చిరిగిన గుడ్డ పట్టుకుని నా బంగారుతల్లిని జనంలోకి ఎలా తీసుకెళ్ళనూ అని కూడా అనుకుంది. చేతి అలవాటు అంటారా, అలవాటే. భయం అంటారా, అదీ ఉంది. ఏది ఎంత పాలో ఆవిడకే తెలియదు. చివరికి ఇస్త్రీ కూడా చేసిపెట్టింది.

పొద్దు వాలాక పిన్ని వచ్చింది. కూతురు లేచి మొహం కడుక్కుని చొక్కా అడిగింది. రఫ్ఫమ్మ మడత పెట్టిన చొక్కాను రెండు చేతులతో అందించింది. పిల్ల విప్పి చూసింది, తిప్పి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి భుజం నుంచి నడుం దాకా వేలితో తడిమింది.

"ఎక్కడమ్మా చిరిగింది?"

అప్పుడు గానీ తల్లికి తెలిసిరాలేదు. విప్పేస్తాను, ఇప్పుడే విప్పేస్తాను అంటూ బ్లేడు అందుకుంది. పిన్ని ఆ బ్లేడు లాక్కుని, ఇప్పుడు కోస్తే మనం కోసినట్టే కనిపిస్తుందని కసిరింది. చొక్కా పోతే పోయింది, పిల్ల ఒంటి మీద దెబ్బలున్నాయి, నేను డాక్టరుతో మాట్లాడతాను, లేవండి అని తొందరపెట్టింది. ఆవిడ చెప్పింది సబబే. అలాగైనా వెళ్ళొచ్చు. కానీ కూతురు మంచం మీద కూలబడిపోయింది.

"నా మాట నమ్మావా అమ్మా?"

"నమ్మకపోవడమేంటే. నా ప్రాణం కదే నువ్వు."

"మరి ఎవరికీ కనపడకూడదనేగా కుట్టావు."

కాదంటే సగం అబద్ధం. కూతురి మోకాళ్ళు పట్టుకుని భోరుమంది. తప్పయిపోయింది తల్లీ, పద, నేనే ముందు నిలబడతాను, నేనే అంతా చెబుతాను అని ఏడ్చింది. పిల్ల కోప్పడినా బాగుండేది. కోప్పడలేదు. తల్లి తల నిమురుతూ కూర్చుంది.

"వాడు నోరు నొక్కితే చెయ్యి కొరికి బయటపడ్డానమ్మా," అంది మెల్లిగా. "నీ చెయ్యి ఎలా కొరకను?"

పిన్ని గుమ్మంలో చాలాసేపు నిలబడింది. ఆ తల్లీ కూతుళ్ళిద్దరూ లేవకపోయేసరికి, తలుపు దగ్గరగా వేసి తన ఇంటికి వెళ్ళిపోయింది.