బాయిలోకి దిగిన కాలిఫోర్నియా కూర

మందమర్రిలో ఏం లేదో చెప్పమంటే ఎవరైనా ఓ నాలుగు చెప్తారు. మంచి ఐస్‌క్రీం దుకాణం లేదని ఒకరు, నల్లాలో సాయంత్రం నీళ్లు లేవని ఒకరు. నవీనకు మాత్రం ఊళ్లో కాలిఫోర్నియా మొక్కలు లేకపోవడమే అన్నిటికంటే పెద్ద లోటుగా కనిపించింది. హైదరాబాద్ హాస్టల్లో ఉండి బాటనీ డిగ్రీ చేసి, పీజీ ఎంట్రన్స్‌కు చదువుకుంటానని నాన్న పనిచేసే బొగ్గు గని, ఊరి మాటలో బాయి, ఇచ్చిన క్వార్టర్‌కు తిరిగొచ్చిన పిల్ల కదా, ఊరి లోటు ఊరివాళ్ల కంటే ఆమెకే బాగా తెలుసు.

ఫోన్లో ఆమెకో గ్రూపుంది, 'కాలిఫోర్నియా మొక్కల తెలుగు మిత్రులు' అని. మిత్రులు నలభై రెండు మంది, వాళ్లలో బతికున్న మొక్క ఉన్నవాళ్లు ఆరుగురు. గ్రూపు పెద్ద అరుణ్‌కుమార్ సార్, హైదరాబాద్‌లో ఏడో అంతస్తు బాల్కనీలో ఉంటారు. ఆయన కాలిఫోర్నియా ఎప్పుడూ పోలేదు గానీ ప్రతి మెసేజీ 'అక్కడ మనం' అనే మొదలుపెడతారు. దసరా వెళ్లాక ఆయనే నవీనకు ఒక కవర్లో పదకొండు గింజలు పంపారు. మైనర్స్ లెట్యూస్. అక్కడి గనుల్లో పనిచేసేవాళ్లు తిన్న ఆకు కాబట్టి ఆ పేరట. సన్నటి కాడ, దాని చివర చిన్న పళ్లెంలాంటి గుండ్రటి ఆకు, ఆ ఆకును నడిమధ్యన చీల్చుకుని పైకి పొడుచుకొచ్చే పూలకాడ. ఫోటో చూసి నవీన రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

గింజలు నల్లగా నిగనిగలాడుతుంటే, మొలవాలంటే ముందు చల్లదనం తగలాలని ఫ్రిజ్‌లో పెట్టింది. నవీన అవ్వా అని పిలిచే తల్లి లస్మవ్వ అవి ఆవాలనుకుని పోపులో వేయబోయింది. నవీన వంటింట్లోకి దూకి కాపాడింది. ఆ తర్వాత పెరట్లోకి వెళ్లి, బట్టలుతికిన నీళ్లు పారేచోట తనంతట తానే మొలిచిన గంగవాయిలి కూరనంతా వేళ్లతో సహా పీకి పెంటకుప్ప మీద పారేసింది. ప్రయోగానికి దగ్గర్లో కలుపు ఉండకూడదట.

"గది పప్పుల ఏసుకునే కూరనే పొల్లా," అంది లస్మవ్వ.

"అవ్వా, అది వీడ్. దానికి ఇక్కడ పని లేదు."

ఎన్నో తరాల నుంచి పెరట్లో ఉన్నదానికి పని లేదు, నిన్న కొరియర్లో వచ్చినదానికి ఉంది. సైన్స్ అంటే అంతే మరి.

పదకొండు గింజల్లో ఐదు మొలిచాయి. ఐదు ఖాళీ పెరుగు డబ్బాల్లో వాటిని పెట్టి, ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు రాసి, పిట్టగోడ మీద వరసగా పేర్చింది. ఇక రోజూ పుస్తకం. ఏ రోజు ఏ ఆకు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో, ఎటు వంగిందో, అన్నీ అందులో రాయడం. పొద్దున్నే ఆకుల మీద పడ్డ బొగ్గు దుమ్మును తడి దూదితో తుడవడం. మొక్కలతో ఇంగ్లీషులో మాట్లాడటం, వాటికి తెలుగు రాదు కదా పాపం. "లోకంల మొక్కలు లేనట్టు," అని లస్మవ్వ గొణుక్కునేది, కానీ నవీన స్నానానికి పోయినప్పుడు మొక్కలు ఎండలో ఉంటే నీడకు జరిపేది కూడా ఆమే. అది పుస్తకంలోకి ఎక్కలేదు.

ఇంత హడావిడి ఎందుకంటే, వచ్చే ఆదివారం హైదరాబాద్‌లో గ్రూపు సభ. ఒకే మొక్కను గింజ నుంచి పువ్వు దాకా ఒక్క రోజూ తప్పకుండా గమనించి ఫోటోలు పెట్టినవాళ్లకు స్టేజీ మీద ఇరవై నిమిషాలు ఇస్తారు. "మీదే అవుతుందమ్మా, పువ్వు ఫోటో ఒక్కటే బాకీ. శుక్రవారం సాయంత్రం ఆరులోపు పంపండి," అన్నారు అరుణ్‌కుమార్ సార్. ఇరవై నిమిషాలు! డిగ్రీ వైవాలో నవీన నోరు తెరిచిన రెండో నిమిషానికే ఎగ్జామినర్ "చాలు చాలు, నెక్స్ట్" అన్నాడు. ఇంట్లో అయితే ఆ రెండో నిమిషం కూడా దొరకదు, మధ్యలో కుక్కర్ కూస్తుంది. ఆమె మాట ఇరవై నిమిషాలు ఎవరైనా కూర్చుని వినడం పుట్టినప్పటి నుంచి జరగలేదు. అందుకే ఉపన్యాసం అప్పటికే మూడుసార్లు రాసి, అద్దం ముందు చదివి, వేసుకోవాల్సిన కుర్తీ ఇస్త్రీ కూడా చేసేసుకుంది.

గురువారం సాయంత్రం ఐదు డబ్బాల్లోనూ మొగ్గలు కనిపించాయి. నువ్వు గింజంత ఉన్నాయి. రేపు విచ్చుకుంటాయి.

ఆ రేపు వచ్చింది. మన పరిశీలకురాలు ఎనిమిదింటికి లేచి, ఫోన్ పట్టుకుని పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది. డబ్బాలున్నాయి. డబ్బాల్లో మొండి కాడలున్నాయి. గుండ్రటి ఆకులు లేవు, మొగ్గలు లేవు, గిల్లినచోట మాత్రం తడి ఇంకా ఆరలేదు.

"అవ్వా!"

లస్మవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏందే, గట్ల ఒర్రుతున్నవ్?"

"నా మొక్కలేవి?"

"పొద్దుగాల జూస్తె పూత పట్టినయి. ఇంకొక్క దినం ఆగితె ముదిరి పీచు పీచైతయి. గందుకే లేతగున్నప్పుడే గిల్లి పప్పుల ఏసిన."

"అది కూర కాదే! స్పెసిమెన్!"

"ఏ మెనో నాకెర్కలే. తింటరా, తినరా?"

నవీనకు అబద్ధం రాలేదు. "తింటరు."

"తినెటిదైతె కూరనే." లస్మవ్వకు ఇప్పుడు ఊపొచ్చింది. "నా గంగవాయిలంత పీకి పెంట మీద పారేస్తివి. మూడు నెలల సంది మీ బాపుకు ఇష్టమైన పప్పు లేకపాయె. మల్ల నువ్వే డబ్బలల్ల పెట్టి, దూదితోని మూతులు తుడిచి గదే కూర పెంచబడితివి. పోనీ, పొల్లకు బుద్ధొచ్చిందనుకున్న."

అది ఇది కాదు అని అరవబోయి నవీన ఆగింది. పాత బాటనీ పుస్తకాల్లో గంగవాయిలి, ఈ కాలిఫోర్నియా కూర ఒకే కుటుంబం కింద ఉంటాయని గుర్తొచ్చింది. ఆరు సెమిస్టర్ల హాస్టల్ ఫీజుతో తాను తెలుసుకున్నది అవ్వ వేళ్లతో గిల్లి చెప్పేసింది. ఈ సంగతి ఆమెకు చెప్పేదే లేదు.

"ఆ పప్పేది?"

"మీ బాపు టిఫిన్ల కట్టిన. ఫస్ట్ షిఫ్టుకు బాయిలకు పోయిండు."

అంటే కాలిఫోర్నియా ఇప్పుడు మూడు వందల మీటర్ల లోతులో ఉంది. అక్కడికి ఫోన్ పోదు. నవీన మంచం మీద బోర్లా పడి ఏడ్చింది. మధ్యలో లేచి పుస్తకంలో 'రోజు 83: ఐదూ పోయాయి. కారణం: అవ్వ' అని రాసింది. కారణం కింద రెండు గీతలు కొట్టింది. ఇంటర్నెట్లో ఎవరిదో పువ్వు ఫోటో దొరికితే తనదని పంపుదామా అని పావుగంట ఆలోచించి, చేతకాక మళ్లీ ఏడ్చింది. మధ్యాహ్నం అన్నం తినలేదు, ఎందుకంటే పప్పులేదు.

నాలుగింటికి బాపు దశరథం వచ్చాడు. టిఫిన్ గిన్నె గీకినట్టు ఖాళీగా ఉంది.

"ఎట్లుండె పప్పు?" అని అడిగింది లస్మవ్వ.

"మస్తుండె. ఉప్పే జర తక్కువైంది. గీ చలిల గంగవాయిలి యాడ దొరికిందే అన్నా అని మా షిఫ్టు బెన్నీగాడు ఒక్కటే అడుగుడు. సంపత్ అయితె గిన్నె ఊడ్చిండు." అప్పుడు బిడ్డ మొహం చూశాడు. "ఏమైంది బిడ్డా, ఎంట్రన్స్ దగ్గరికొచ్చిందా?"

నవీన చెప్పింది. గింజలు, ఫ్రిజ్, దూది, ఎనభై మూడు రోజులు, ఇరవై నిమిషాలు, అంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "అక్కడ బంగారం తవ్వేటోళ్లు చిగుళ్ల నుంచి రక్తం కారే రోగం రాకుండ గీ ఆకు తిన్నరు బాపు. గంత చరిత్ర ఉంది దానికి!"

"గాళ్లు గూడ పప్పుల్నే ఏసుకున్నరా?"

"లేదు, పచ్చిదే తిన్నరు."

"పాపం," అన్నాడు దశరథం నిజంగానే బాధపడుతూ. "ఇంటోళ్లు ఎంట లేకుంటె గంతే మరి." కాళ్లు కడుక్కోవడానికి లేస్తూ భార్యను అడిగాడు. "ఇగో, విత్తనానికి ఇడిచినవా?"

"ఇడువకుంట ఉంటరా ఎవలన్న? మంచి బలంగున్నదాన్ని చూసి ఒకటి ఇడిచిన. కోళ్లు పొడుస్తయని నీళ్ల డ్రమ్ము ఎనుక పెట్టిన."

నవీన పిట్టగోడ దగ్గరికి పోయి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ లెక్కపెట్టింది. నాలుగే. ఎనభై మూడు రోజులు మిల్లీమీటర్లలో కొలిచిన మనిషి పొద్దుటి నుంచి ఐదు డబ్బాలు ఐదున్నాయో లేదో చూడలేదు.

డ్రమ్ము వెనక ఐదో నంబరు డబ్బా ఉంది. కాడకు అవ్వ పాత చీర నుంచి చింపిన ఎర్ర పీలిక రెండు చుట్లు చుట్టి ముడేసి ఉంది. 'ఇది విత్తనానిది, ఎవరూ తెంపొద్దు' అని దానర్థం, ఇంటికొచ్చే పోయే ఆడవాళ్లందరికీ చదవొచ్చే భాష. గుండ్రటి ఆకు నడిమధ్యన బియ్యపు గింజంత తెల్లటి పువ్వు విచ్చుకుని ఉంది. ఐదు రేకులు.

ఐదూ నలభైకి ఫోటో పోయింది. అరుణ్‌కుమార్ సార్ వెంటనే జవాబిచ్చారు. 'అద్భుతం! అక్కడ మనం చూసే పువ్వే. కానీ ఆ గుడ్డ సహజంగా లేదు. అది తీసేసి ఇంకో ఫోటో పంపండి, లేదంటే అవకాశం తర్వాతివారికి వెళ్తుంది.' పెరుగు డబ్బా మాత్రం ఆయనకు సహజంగానే కనిపించినట్టుంది.

నవీన కత్తెర తెచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. పీలిక కాడను గట్టిగా పట్టుకోలేదు, కాడే దానిమీద ఒరిగి నిలబడింది. దారమంత కాడ. ముడి కదిలిస్తే విరుగుతుంది. ఒకవేళ విరగకపోవచ్చు కూడా. ఫోటోకు రెండు సెకన్లు చాలు.

"ముట్టకు," అంది లస్మవ్వ వెనక నుంచి. "తెగిందా, వచ్చే చలికాలం నీకు కాలిఫోర్నియా లేదు, నాకు కూర లేదు."

ఐదూ యాభై రెండు. ఇస్త్రీ చేసిన కుర్తీ కిటికీలోంచి కనిపిస్తోంది. నవీన కత్తెర పక్కన పెట్టి, ఫోన్ తీసి టైపు చేసింది. 'గుడ్డ తీయడం కుదరదు సార్. తర్వాతి వాళ్లకే ఇవ్వండి.' పంపిన మెసేజీని వెనక్కి తీసుకోలేదు. పుస్తకం తెరిచి 'ఐదూ పోయాయి' కొట్టేసి, 'నాలుగు పోయాయి' అని రాసింది. కారణం కింద గీతలు అలాగే ఉంచింది.

"ఏం రాస్తున్నవే అందుల?" అని లస్మవ్వ పక్కన కూర్చుంది.

"జరిగిందంతా."

"ఉప్పు తక్కువైందని రాయకు," అంది లస్మవ్వ. "మీ బాపుకు నాలిక సచ్చింది. ఇగ చెప్పు, గా బంగారం తవ్వేటోళ్లేంది?"

నవీన మొదలుపెట్టింది. రెండో నిమిషానికి కుక్కర్ కూసింది. లస్మవ్వ లేచి వెళ్లి, స్టవ్ ఆర్పేసి, మళ్లీ వచ్చి కూర్చుంది.