మా సమన్లు మాకివ్వండి

మిషను మామ కుట్టుమిషను నడివీధిలో బోర్లా పడి ఉంది. దాని పక్కన చాప, చాప మీద వంటగిన్నెలు, గిన్నెల మీద ఎవరిదో సగం కుట్టిన చొక్కా. పోలీసులు లోపలి సామాను ఒక్కొక్కటే తెచ్చి చెత్త పారబోసినట్టు పారబోస్తున్నారు. మామ మాత్రం వంగి, ఆ చొక్కా తీసి దుమ్ము దులుపుతున్నాడు. పరాయివాళ్ల బట్ట కదా, మాసిపోతే జవాబు చెప్పుకోవాలి.

"నాకసలు నోటీసే రాలేదు బాబూ" అన్నాడు కోర్టు అమీనుతో.

"వచ్చింది. నువ్వు తీసుకోలేదు. తీసుకోకపోయినా తీసుకున్నట్టే."

"అదెలా?"

"కోర్టంటే అంతే. నువ్వు రాలేదు. వాళ్లు చెప్పింది విని జడ్జిగారు డిక్రీ ఇచ్చేశారు. ఇప్పుడు నన్నడిగి ఏం లాభం?"

వీధి మొగలో, తోపుడుబండి దగ్గర నిలబడి ఈ మాట విన్న ఇస్త్రీ వదిన గుండెల్లో రాయి పడింది. మామ చేత ఆ తలుపు మూయించింది తనే.

గోదాముల వెనక ఉన్న ఈ వీధి ఒకప్పుడు మురుగుగుంట. వీళ్ల తల్లిదండ్రులు మిల్లు బూడిద తట్టలకెత్తి మోసుకొచ్చి దాన్ని పూడ్చారు, పైన గోడలు లేపుకున్నారు. గుంటగా ఉన్నన్నాళ్లూ దానికి యజమాని లేడు. నేల అయ్యాక యజమాని మొలుచుకొచ్చాడు. అతనే గోదాముల షావుకారు. స్థలం నాది, మీరు ఆక్రమించారన్నాడు. పక్కవీధి వాళ్లతోనూ అదే మాటన్నాడు.

కాగితం చేతికి రాకపోతే దావా లేనట్టేనని వీధికి ఒక నమ్మకం. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు, అందరూ నమ్మారు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. అమీను సంచీ తగిలించుకుని సందు మలుపు తిరిగాడంటే చాలు, వదిన ఇస్త్రీపెట్టె ఎత్తి బండి మీది ఇనప పలకకేసి టంగు టంగుమని కొట్టేది. తలుపులన్నీ మూతపడేవి. మామ మిషను తొక్కడం ఆపి, కాళ్లు పైకి తీసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. అమీను పోయాక అందరూ బయటికొచ్చి పగలబడి నవ్వుకునేవాళ్లు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ కళ్లు మూసుకున్నవి ఎలుకలు. పిల్లి శుభ్రంగా కళ్లు తెరుచుకునే ఉంది.

మర్నాడు వీధి వీధంతా ప్లీడరు గదిలో దూరింది. ఆయన కోట్లు ఇస్త్రీ చేసేది వదినే. నల్లకోటు మడత చెడకుండా ఇవ్వడమే తప్ప, ఆ కోటు వేసుకుని ఆయన ఏం చేస్తాడో ఆమె ఎన్నడూ అడగలేదు. ఆ వేళ అడిగింది.

"సారూ, మమ్మల్ని కూడా వెళ్లగొడతారా?"

"మామది అయిపోయింది, ఇప్పుడు మీ అందరి మీదా దావాలు వేశారమ్మా. సమన్లు రావాలి."

అంతే, గదిలో తలా ఒక ప్రశ్న లేచింది.

"మేం గెలుస్తామా?"

"సాక్ష్యాన్ని బట్టి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"చెప్పలేను. అవతలివాడు వాయిదాలడిగితే ఏళ్లు."

"వాయిదా వాయిదాకీ రావాలా? ఒకపూట మానేస్తే మేస్త్రీ మర్నాడు రావొద్దంటాడు."

"సాక్ష్యం చెప్పే రోజు తప్పదు. మిగతావి నేను చూసుకుంటాను."

"ఓడిపోతే జైల్లో వేస్తారా?"

"ఇది సివిల్ దావా. ఇందులో జైలుండదు."

ఆ ఒక్క జవాబుకే గది కాస్త ఊపిరి పీల్చుకుంది. వదిన పీల్చుకోలేదు.

"మరి షావుకారు రాసిందంతా అబద్ధం కదా. దానికి రుజువు అక్కర్లేదా?"

"మీరు వచ్చి కాదంటే కావాలి. మీరు రాకపోతే, కాదనేవాళ్లెవరు?"

అప్పటిదాకా గోడకానుకుని ఉన్న మిషను మామ గొంతు సవరించుకున్నాడు. "బాబూ, నా మిషను వానలో తడుస్తోంది. తుప్పు పడితే కుట్టు తప్పుతుంది. అది ఏ కోర్టు కిందికొస్తుంది?"

ప్లీడరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. డిక్రీ రద్దు చేయమని అర్జీ పెడదామన్నాడు. అయితే ఎందుకు రాలేదో కారణం చెప్పాలి, తలుపేసుకున్నామంటే ఒప్పుకోరన్నాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడని సామెత. మామకు ఏడవడానికి ఇల్లు కూడా మిగల్లేదు.

"అందరిదీ ఒకే నేల, ఒకే గొడవ. ఇంటికో దావా ఎందుకు వేశాడు సారూ?" అంది వదిన.

"ఇంటికో దావా అయితే ఇంటికో భయం. ముందు ఒంటరివాణ్ణి చూసి కొట్టాడు. మీరంతా ఒక్క మాట మీదుంటే, అన్నీ కలిపి విచారించమని అడగొచ్చు. మీలో ఒక్కడు విడిగా రాజీ పడ్డా మిగతావాళ్లకు దెబ్బే."

షావుకారు గోదాములో మూటలు మోసే పెద్ద హమాలీ తల దించుకున్నాడు. "నేను రాజీకి ఒప్పుకున్నాను" అన్నాడు. "షావుకారు గుమాస్తాకి మాటిచ్చాను. పొద్దున్న లేస్తే ఆ షావుకారు మూటలే మోయాలి. వాడితో కోర్టులో ఎలా తలపడను?"

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని ఎవరో గొణిగారు. ఇంకెవరో అతని చొక్కా పట్టుకోబోయారు.

వదిన అడ్డం వెళ్లింది. "ఆగండి. అన్న నోరు మూసుకున్నాడు. నేను మీ అందరి తలుపులూ మూయించాను. ఇద్దరం షావుకారు పనే చేశాం, అదీ జీతం లేకుండా. అన్నా, నువ్వు మోయకపోతే వాడి మూట ఒక్కటైనా కదులుతుందా? కదలదు. మరి నువ్వెందుకు భయపడాలి, వాడు కదా భయపడాల్సింది?"

హమాలీ తలెత్తాడు. "వెళ్లి మాట వెనక్కి తీసుకుంటాను" అన్నాడు. ఇకనుంచి బండి మీద పెట్టె మోగిందంటే అందరూ బయటికి రావాలని ఆ గదిలోనే ఒప్పుకున్నారు.

తలుపులు తెరిచి పెట్టుకుని వీధి ఎదురుచూసింది. అమీను రాలేదు. పిలవనప్పుడల్లా వచ్చినవాడు, కావాలన్నప్పుడు కనిపించకుండా పోయాడు.

షావుకారు బట్టల మూట ఇవ్వడానికి గోదాముకు వెళ్లిన వదినకు అమీను గుమాస్తా గదిలో దొరికాడు. ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ, ఒక్కో సమను మీదా రాసుకుంటూ పోతున్నాడు. రాస్తూ పైకి చదువుతున్నాడు కూడా: ఇంటివారు తలుపు మూసుకున్నారు, తీసుకోలేదు. ఇంటివారు తలుపు మూసుకున్నారు, తీసుకోలేదు.

"మీరు మా వీధికి రాలేదు కదయ్యా" అంది వదిన.

"వస్తే మాత్రం తీస్తారా? మీ అలవాటు నాకు తెలీదా?" అని నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు.

వదిన ఒళ్లు మండిపోయింది. తాము తెలివనుకుని చేసిందంతా వీళ్లకు తేరగా దొరికిన అబద్ధమైంది. మూట అక్కడే కింద పెట్టి, బండి దగ్గరికి పరుగెత్తి, ఇస్త్రీపెట్టె రెండు చేతులతో ఎత్తి పలకకేసి కొట్టింది. నిప్పులు చిట్లి చీర మీద పడ్డా ఆపలేదు.

తలుపులన్నీ తెరుచుకున్నాయి. చేతుల్లో పిండితో ఆడవాళ్లు, సగం గీసిన గడ్డంతో మగవాళ్లు, చంటిపిల్లలతో తల్లులు వచ్చి వదిన వెంట గోదాముకు నడిచారు. గోదాములో పెద్ద హమాలీ భుజం మీది మూట దించేశాడు. అతన్ని చూసి మిగతా హమాలీలూ దించారు. చూస్తుండగానే గుమాస్తా గది చుట్టూ జనం నిండిపోయారు.

"మా సమన్లు మాకివ్వండి."

గుమాస్తా తలుపేసి గడియ పెట్టాడు. ఈసారి లోపల ఊపిరి బిగబట్టుకున్నది వాళ్లు.

పెద్ద హమాలీ తలుపు మీద మెల్లగా తట్టాడు. "అమీనుగారూ, తీసుకోకపోయినా తీసుకున్నట్టే అన్నారు. మరి ఇవ్వకపోతే ఏమైనట్టో అది కూడా చెప్పండి."

ఎవరూ రాయి విసరలేదు, ఎవరి మీదా చెయ్యి పడలేదు. కదలకుండా నిలబడ్డారు, అంతే. అమీను చెమటలు తుడుచుకుంటూ తాను రాసిన రాతలు కొట్టేసి, కాగితాలు కిటికీలోంచి ఒక్కొక్కటిగా అందించాడు. ధాన్యం బస్తాల మీద పెట్టుకుని సంతకాలు చేశారు, వేలిముద్రలు వేశారు. బతుకులో మొదటిసారి కోర్టు కాగితాన్ని గుండెకు హత్తుకున్న జనం వాళ్లు.

ఆ తర్వాత పోలీసు జీపు వచ్చింది. సర్కారు ఉద్యోగి పనికి ఆటంకం కలిగించారని షావుకారు ఫిర్యాదు.

"జనాన్ని పోగేసిందెవరు?"

"నేనే" అంది వదిన.

కబురందుకుని ప్లీడరు నలిగిన కోటుతోనే పరుగెత్తుకొచ్చాడు. వదిన జీపులోంచి ఆయన్ను చూసింది. "సివిల్ దావాలో జైలుండదన్నారు కదా సారూ."

"ఇది వేరే కేసమ్మా" అన్నాడాయన. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

తలుపు మూసుకుంటే ధిక్కారం, తెరుచుకుని వస్తే ఆటంకం. పేదవాడు గడపకు ఏ పక్కన నిలబడాలో చెప్పే చట్టం ఇంకా ఎవరూ రాయలేదు.

వదిన తన సమను తీసి పెద్ద హమాలీ చేతికిచ్చింది. "నా వాయిదాకి నేను లేకపోతే మీరంతా వెళ్లండన్నా. కోర్టులో నా పేరు పిలిచినప్పుడు ఎవరూ లేరనిపించొద్దు."

"ఒక్కళ్లం కూడా ఇంట్లో ఉండం వదినా" అన్నాడతను.

జీపు కదిలింది. దిక్కులేకుండా నిలబడ్డ బండి దగ్గరికి మిషను మామ నడిచాడు. బరువైన ఇస్త్రీపెట్టెను ముసలి చేతులతో పట్టుకున్నాడు. ఎత్తి, పలకకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

జీపు పక్కవీధి మలుపు తిరుగుతోంది. ఆ వీధిలోని ఇళ్ల మీద కూడా షావుకారు దావాలు ఉన్నాయి. ఆ మోతకు అక్కడి తలుపులు తెరుచుకోవడం వదిన కళ్లారా చూసింది.