బోరు చేసిన బండి

అల్లం పొట్టు తీస్తూ కూర్చున్నాను. ఇరవై మందికి పలావు అంటే అల్లం ఒక్కటే సగం పూట తినేస్తుంది. గుంటూరు నుంచీ విజయవాడ నుంచీ పాత బళ్ళ క్లబ్బు వాళ్ళు ఆదివారం పొద్దున్నే బయల్దేరి, కోటప్పకొండ చూసుకుని, మా నాదెండ్ల ఇంటికి భోజనానికి వస్తున్నారు. "మనింటి పలావు తింటే మళ్ళీ హోటలు మొహం చూడరు" అని మా ఆయన జయకృష్ణ వాళ్ళకి ముందే చెప్పేశాడు. మనింటి పలావు అన్నాడు గానీ, అది వండే మనిషికి గర్భసంచి తీసి ఇంకా నెలైనా కాలేదన్న సంగతి చెప్పినట్టు లేడు. నాతో మాత్రం "కూర్చుని చేసే పనేగా" అన్నాడు, అల్లం సంచీ నా ముందు పెడుతూ. వెల్లుల్లి ఆయనే ఒలిచాడు. ఉన్న మాట చెప్పుకోవాలి.

మా ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. పురుగుమందుల కొట్టు కట్టేసి ఇంటికొచ్చి బండి దగ్గర కూర్చుంటాడు, అంతే. అది రాజ్‌దూత్ వాళ్ళ ఆర్డీ మూడొందల యాభై మోటారుసైకిలు. ఒకప్పుడు మద్రాసు దగ్గర షోలవరం రేసుల్లో పరిగెత్తిందట. ఆ కథ మా ఇంటికి పాలు పోసే ఆమెకి కూడా కంఠతా వచ్చు. స్టార్ట్ చేసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఇంజనుకి చెవి దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకుంటాడు. "ఎడం సిలిండరు ఎందుకో నలతగా ఉంది" అంటాడు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆ మాట నా గురించి ఆయన నోట నేను వినలేదు. రెండేళ్ళు నెల నెలా రక్తం ధారగా పోతుంటే పాత చీరలు చింపుకుని వాడాను. ఆఖరికి ఒకరోజు వంటింట్లో పడిపోయాక గానీ ఆసుపత్రికి పోలేదు. లోపల గడ్డలన్నారు, తీసేయాలన్నారు.

నాకూ బండికీ ఒకే నెలలో రిపేరు వచ్చింది. నేను నరసరావుపేట ఆసుపత్రిలో, అది అదే ఊళ్ళో మజీద్ భాయ్ షెడ్డులో. ఇంజను విప్పి, సిలిండర్లు లోపల కోసి బోరు చేసి, కొత్త పిస్టన్లు వేశాడట. మా ఆయన పొద్దున నన్నూ సాయంత్రం దాన్నీ చూసొచ్చేవాడు. మాతోనే ఉండే మా అత్తగారు బసవమ్మ ఆసుపత్రికి ఒక్కసారి వచ్చింది. కుట్ల వైపు చూసి, "నాకు తీసిన పదో రోజుకే మిరపకోతకి పోయా. ఈ కాలపోళ్ళయ్యి గాజు ఒళ్ళు" అని, తెచ్చిన కారప్పొడి డబ్బా పెట్టి వెళ్ళిపోయింది.

డిశ్చార్జి రోజు మా ఆయన నన్ను ఆటో ఎక్కించి, డ్రైవరుతో "నా వెనకే రా, ముందుకి పోమాక" అని చెప్పి, తను బండి మీద ముందు బయల్దేరాడు. ఎంత మెల్లగా పోయాడంటే సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. "ఏంది మేడం, సారు పెళ్ళి ఊరేగింపు లెక్కన పోతన్నాడు" అని ఆటో అతను నవ్వాడు. సాతులూరు దగ్గర గుంతలొచ్చాయి. ఒక్కో గుంత దగ్గరా ఆయన ఇంకా నెమ్మదించాడు. మధ్యలో ఒకచోట ఆపి నాకు కొబ్బరిబోండం కొట్టించి తెచ్చిచ్చాడు. చాలాసేపు ఆగాం. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నా కుట్లు కదలకూడదని ఈ మనిషి ఇంత చేస్తున్నాడే అనుకున్నాను. ఇంటికి రాగానే మా అక్క కీర్తికి ఫోన్ చేసి చెప్పాను. "మీ బావయితే స్పీడు బ్రేకరు కూడా చూడడు. నీ మొగుడు నయమే" అంది. మా కాపురంలో నాకంటూ దొరికింది ఏంటని ఎవరైనా అడిగితే ఆ ప్రయాణం చూపిద్దామని దాచుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి బళ్ళు వచ్చాయి. వీధంతా మోత. బుల్లెట్లు, యెజ్డీలు, హ్యాండిలు వంచి సీటు కోసి రేసుబండిలా మార్చినవి. జుట్టు ముడేసుకున్న ఒక కుర్రాడు మా బండి ముందు నిజంగానే చేతులు జోడించాడు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు చెప్పులు విడిచి దాని చుట్టూ కూర్చున్నారు. టాంకు మీద చెయ్యేసి నిమిరేటప్పుడు ఆ మొహాల్లో ఎంత మెత్తదనమో. వంటింటి కిటికీలోంచి చూస్తే నాకూ ముచ్చటేసింది. మగవాళ్ళకి ఇలా చూడటం వచ్చన్నమాట.

"బోరు చేయించాక ఎంత తిరిగిందన్నా?" అని ఆ కుర్రాడు అడిగాడు.

"ఎక్కడయ్యా, పేట నుంచి ఇంటికి తెచ్చిందే పెద్ద ప్రయాణం" అన్నాడు మా ఆయన. "ముప్పై దాటనిస్తే ఒట్టు. సాతులూరు దగ్గర ఆపి చల్లారనిచ్చా. లోపల కోసి సాపు చేసిందిగదా, కుదురుకోటానికి టైమియ్యాల. డబుల్స్ ఎక్కించకూడదు, బరువేయకూడదు, ఒకటే పనిగా తోలకూడదు. ఇప్పుడు తొందరపడితే లోపల పట్టేస్తది. మళ్ళీ జన్మలో మునుపటి బండి కాదు."

అందరూ పురాణం విన్నట్టు తలలూపారు.

నేను పలావులో గరిటె పెట్టి అలాగే నిలబడ్డాను. కోపం తర్వాత వచ్చింది, ముందు సిగ్గేసింది. కీర్తికి ఫోన్ చేసి ఎంత మురిసిపోయాను! ఆ నెమ్మది నాది కాదు. ఆ ఆగడం నా కోసం కాదు. బండి చల్లారుతుంటే పక్కన ఆటోలో నేను కూడా ఉన్నాను కాబట్టి ఒక కొబ్బరిబోండం దక్కింది. అయినా ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. డాక్టరు గారు నాకు చెప్పింది కూడా అచ్చం అదే. లోపల మానాలి, బిందె కూడా ఎత్తొద్దు, తొందరపడితే జన్మంతా బాధ. ఆయనకి ఇదంతా తెలుసు. ఎలా చూసుకోవాలో మా ఊళ్ళో అందరికంటే బాగా తెలుసు.

"దివ్యా, పలావు తెచ్చేయ్. ఆకులేశాం" అని మా ఆయన కేక.

డేకిసా రెండు చెవులూ గుడ్డతో పట్టుకున్నాను. ఇంకా పైకి లేపలేదు, పొత్తికడుపులో ఎవరో దారం పట్టుకుని లాగినట్టయింది. వదిలేశాను. పొయ్యి కట్టేసి, చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్ళి మంచం మీద పడుకున్నాను.

కాసేపటికి మా ఆయన వచ్చాడు. "ఏందే, ఏమైంది? అందరూ ఆకుల ముందు కూర్చున్నారు."

"నేనెత్తను. బరువులెత్తొద్దన్నారు. మీ ముందే చెప్పారు."

ఆయన గుర్తు తెచ్చుకోవడం కనిపించింది. "అప్పుడు మజీద్ భాయ్ ఫోనొచ్చింది" అన్నాడు నిజాయితీగా. తర్వాత, "మరి నాకు చెప్పొచ్చుగా?"

"బండి చెప్పిందా మీకు?"

ఆయన గుమ్మం పట్టుకుని నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త. బయటికి వెళ్ళాడు. ఆ జుట్టు ముడేసుకున్న కుర్రాడిని పిలవడం, ఇద్దరూ డేకిసా మోసుకుపోవడం వినపడింది.

ఆ వెనకే మా అత్తగారు వచ్చింది. గాజు ఒళ్ళు పాట మళ్ళీ మొదలెడుతుందని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి మంచం కోడు పక్కన నేల మీద కూర్చుంది.

"పదో రోజుకి పోయాలే" అంది. "పోకపోతే మీ మామ ఊరుకుంటాడా? కాయల గోతం నెత్తికెత్తుకున్నా. అప్పుడే లోపల ఏదో జారినట్టయింది. అప్పట్నించీ దగ్గినా తుమ్మినా చీర తడుస్తది, అమ్మాయ్."

నేను లేచి కూర్చున్నాను. అమరావతి గుడికి పోదామంటే బస్సు పడదని ఎందుకంటుందో, పెళ్ళిళ్ళలో ఎప్పుడూ చివరి కుర్చీలోనే ఎందుకు కూర్చుంటుందో, ఎవరూ లేవకముందే చీర ఎందుకు ఉతుక్కుంటుందో అప్పుడు తెలిసింది. మేమంతా ఆవిడకి చాదస్తమని నవ్వుకునేవాళ్ళం.

"మామయ్యకి చెప్పలేదా?"

"ఆయన అడిగితేగా."

"దీనికి మందుంది అత్తయ్యా. మంగళవారం నేను ఆసుపత్రికి పోతున్నా. మీరూ రావాలి."

"నా కొడుక్కి ఏమని చెప్తావే?"

"నేను చెప్పను. మీరే చెప్పాలి."

బయట ఎవరో పెరుగుపచ్చడి అడుగుతున్నారు. నేను లేవలేదు. ఆవిడా లేవలేదు. ఇంతలో మా ఆయన ఒక ప్లేటులో పలావు పెట్టుకుని, రెండో చేతిలో గరిటెతో తలుపు తోసుకొచ్చాడు. ప్లేటు నా దగ్గర పెట్టి, నేల మీద కూర్చున్న తల్లిని చూశాడు.

"ఏందమ్మా, ఎట్టా ఉంది ఒంట్లో?" అన్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ గరిటె అక్కడ పెట్టి కూర్చో నాయనా. చెప్తా."